డిమెన్షియాలో కళలు: ఏది ఆశించాలి, ఏది ఆశించకూడదు

జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే డిమెన్షియా వచ్చినవారి చేత బొమ్మలు వేయించడం, పాటలు పాడించడం మంచిదేనా అని అడిగితే చాలామంది వెంటనే మంచిదే అంటారు. ఎందుకు మంచిదని మరో ప్రశ్న వేస్తే మాత్రం జవాబులు తలో దిక్కుకూ పోతాయి. మెదడుకు వ్యాయామమని ఒకరు, జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందని ఒకరు, కనీసం కాలక్షేపమైనా అవుతుంది కదా అని మరొకరు అంటారు. నిజానికి ఇక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. వ్యాధి రాకుండా కళలు అడ్డుకోగలవా అన్నది మొదటిది. వచ్చిన వ్యాధిని తగ్గించగలవా, పోనీ దాని వేగాన్నైనా తగ్గించగలవా అన్నది రెండోది. వ్యాధి ఉండగానే ఆ మనిషి గడిపే గంటను, రోజును మెరుగుపరచగలవా అన్నది మూడోది. మూడింటికీ ఆధారాలు వేరు, ఆశించదగినదీ వేరు. వీటిని విడదీసి చూడకపోవడం వల్లనే ఒకవైపు లేనిపోని ఆశలు, మరోవైపు ‘రెండు నెలలు పాడించాం, ఏమీ గుర్తుకు రాలేదు’ అనే అకారణ నిరాశ పుడుతున్నాయి.

మొదటి ప్రశ్న సంగతి త్వరగా తేల్చవచ్చు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో 75 ఏళ్లు పైబడిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఒకటి 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. చదవడం, బోర్డు ఆటలు, వాద్యం వాయించడం, నాట్యం చేయడం అలవాటుగా ఉన్నవారిలో డిమెన్షియా తక్కువగా వచ్చినట్టు అందులో తేలింది. ‘నాట్యం చేస్తే డిమెన్షియా రాదు’ అనే ప్రచారానికి ఇలాంటి ఫలితాలే మూలం. కానీ అది పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు. లక్షణాలు బయటపడటానికి ఎన్నో ఏళ్ల ముందే మెదడులో మార్పులు మొదలవుతాయి కాబట్టి, నాట్యం మానేసినందుకు వ్యాధి వచ్చిందా, వ్యాధి లోలోపల మొదలైనందుకే నాట్యం మానేశారా అన్నది ఇలాంటి అధ్యయనంతో పూర్తిగా తేలదు. ఆ చర్చ ఎటు తేలినా, ఇప్పటికే డిమెన్షియాతో ఉన్న మనిషి పక్కన కూర్చున్నవారికి దానితో పెద్దగా పని లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో అలాంటి మనుషులు 5.7 కోట్ల మంది. డిమెన్షియా ఒకే వ్యాధి కాదు; అనేక వ్యాధుల వల్ల ఏర్పడే స్థితి. 60 నుంచి 70 శాతం మందిలో దానికి అల్జీమర్స్ వ్యాధి కారణమవుతుంది. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం, నాడీకణాల్లో లూయీ బాడీలు అనే ప్రోటీన్ ముద్దలు పేరుకోవడం, మెదడు ముందు భాగమూ కణతల వైపు భాగమూ క్షీణించడం మిగిలిన ప్రధాన కారణాలు. వీటిని నయం చేసే మందు ఇంకా లేదు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ సైతం అల్జీమర్స్ తొలిదశలో క్షీణతను కొంత నెమ్మదింపజేస్తుందే తప్ప పోయినదాన్ని తిరిగి తేలేదు. మందులకే సాధ్యం కానిదాన్ని రంగుల డబ్బా నుంచి ఆశించడం న్యాయం కాదు. కళలు చేయగలిగిన పని దాదాపు అంతా మూడో ప్రశ్న కిందికే వస్తుంది. అది చిన్న పని కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

పోయేవి, నిలిచేవి

జ్ఞాపకశక్తి అని ఒకే మాటతో చెప్పేదాంట్లో చాలా సామర్థ్యాలున్నాయి. పొద్దున ఏం తిన్నాం, నిన్న ఎవరు వచ్చారు అనే సంఘటనల జ్ఞాపకం ఒకటి. మాటల అర్థాలు, లోకజ్ఞానం మరొకటి. సైకిల్ తొక్కడం, సంతకం పెట్టడం, తాళం వేస్తూ పాడటం వంటి చేతివాటపు జ్ఞాపకం ఇంకొకటి. అల్జీమర్స్ మొదట దెబ్బతీసే భాగాల్లో హిప్పోక్యాంపస్ ఒకటి. కొత్త సంఘటనలను నిల్వ చేసే పని దానిది. అందుకే పది నిమిషాల క్రితం అడిగిన ప్రశ్ననే మళ్లీ అడుగుతారు. చేతివాటపు జ్ఞాపకం ప్రధానంగా వేరే నిర్మాణాల మీద ఆధారపడుతుంది కాబట్టి చాలాకాలం నిలుస్తుంది. కూతురి పేరు చెప్పలేని మనిషి కుంచెను సరైన కోణంలో పట్టుకోవడం, పాట పల్లవి ఎత్తగానే తర్వాతి పంక్తిని తడబడకుండా అందుకోవడం ఇందువల్లనే సాధ్యమవుతుంది. చూసేవారికి అద్భుతంలా తోచినా, దాని వెనుక ఉన్నది మెదడులోని ఈ పని విభజనే.

సంగీతం విషయంలో ఈ ఊహకు కొంత నిర్దిష్టమైన ఆధారం దొరికింది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2015లో ప్రచురించిన పనిలో, చిన్నప్పటి నుంచి ఎరిగిన పాటలు, అప్పుడే విన్న పాటలు, ఎన్నడూ వినని పాటలు వినిపిస్తూ ఆరోగ్యవంతుల మెదడును స్కాన్ చేశారు. చిరకాలంగా ఎరిగిన పాటలకు స్పందించే ప్రాంతాలను గుర్తించి, అవే ప్రాంతాలు అల్జీమర్స్ ఉన్నవారిలో ఎలా ఉన్నాయో పోల్చి చూశారు. మెదడులో మిగతా చోట్లతో పోలిస్తే అక్కడ కణజాలం కుంచించుకుపోవడం, జీవక్రియ మందగించడం తక్కువగా కనిపించాయి. అల్జీమర్స్‌లో మెదడులో చేరే అమిలాయిడ్ ప్రోటీన్ పేరుకోవడంలో మాత్రం అంత తేడా లేదు. అంటే వ్యాధి ఆ ప్రాంతాలను వదిలేసిందని కాదు, అక్కడికి దాని విధ్వంసం ఆలస్యంగా చేరుతున్నదని అర్థం చేసుకోవాలి. పాట చివరిదాకా తోడుంటుందని ప్రతి ఒక్కరి విషయంలోనూ హామీ ఇవ్వలేకపోవడానికి ఇదొక కారణం.

నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైన అధ్యయనం మరొకటి ఉంది. దాని గురించి మాట్లాడేవారు తక్కువ. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 2014లో వెలువడిన ఆ పనిలో, అల్జీమర్స్ ఉన్న 17 మందికీ ఆరోగ్యవంతులైన 17 మందికీ దుఃఖం కలిగించే సినిమా ముక్కలు కాసేపు, సంతోషం కలిగించేవి కాసేపు చూపించారు. కొద్ది నిమిషాల తర్వాత ఏం చూశారని అడిగితే అల్జీమర్స్ ఉన్నవారు చాలా తక్కువ చెప్పగలిగారు. ఒకరికైతే సినిమా చూసిన సంగతే గుర్తులేదు. అయినా ఆ సినిమా రేపిన భావం మాత్రం వారిలో అలాగే ఉండిపోయింది. పైగా ఎంత తక్కువ గుర్తుంటే దుఃఖం అంత ఎక్కువసేపు నిలిచింది. కారణం తెలియని దుఃఖాన్ని ‘అది సినిమాయే కదా’ అని సర్దిచెప్పుకునే వీలుండదు మరి. డిమెన్షియాలో కళా కార్యక్రమాల విలువను ఎలా లెక్కగట్టాలో ఈ ఫలితం చెబుతుంది. ఉదయం పాడిన సంగతి మధ్యాహ్నానికి మరచిపోయినంత మాత్రాన ఆ ఉదయం వృథా కాలేదు. అలాగే ఉదయం ఎవరో విసుక్కున్న సంగతి మరచిపోయినంత మాత్రాన ఆ గాయం మానలేదు. ఈ రెండో సగాన్ని కార్యక్రమాలు నడిపేవారు తరచూ వదిలేస్తారు.

అందరి డిమెన్షియా ఒకటి కాదు

కళ, డిమెన్షియా అనగానే కొందరు చిత్రకారుల పేర్లు వినిపిస్తాయి. లండన్‌లో స్థిరపడిన అమెరికన్ చిత్రకారుడు విలియం ఉటర్‌మోలెన్‌కు 1995లో అల్జీమర్స్ నిర్ధారణ అయింది. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు ఆయన తన ముఖాన్ని తానే చిత్రించుకుంటూ పోయారు. 2001లో ఆయన వైద్యబృందం ఆ చిత్రాల గురించి లాన్సెట్ వైద్యపత్రికలో రాసింది. వరుసగా చూస్తే ముఖంలోని భాగాల అమరిక, వాటి మధ్య దూరాలు ఎలా చెదిరిపోయాయో తెలుస్తుంది. అంతర్జాలంలో ఈ చిత్రాలను వ్యాధి ముదిరే తీరుకు పటంలా వాడుకుంటున్నారు. అది నిజమే అయినా సగం నిజం. చూపు పట్టు తప్పుతున్నకొద్దీ మరో పద్ధతి వెతుక్కుంటూ, పని ఆపకుండా కూర్చున్న ఒక వృత్తి చిత్రకారుడు కూడా ఆ వరుసలో ఉన్నాడు. డచ్-అమెరికన్ చిత్రకారుడు విలెమ్ డి కూనింగ్ 1980లలో వేసిన మూడు వందలకు పైగా చిత్రాల మీద నడిచిన వివాదం ఇలాంటిదే. మతి తప్పుతున్న కాలపు పనిని ఆయన పనిగానే లెక్కించాలా, సహాయకుల చేయి ఎంత ఉంది అని విమర్శకులు వాదించుకున్నారు. వీరిద్దరూ జీవితమంతా కుంచె పట్టినవారని మరచిపోకూడదు. ఎన్నడూ బొమ్మ వేయని మనిషి ముందు రంగులు పెట్టి వీరిని ఉదాహరణగా చూపడం తగదు.

దీనికి వ్యతిరేక దిశలో ఇంకో కథ ప్రచారంలో ఉంది: డిమెన్షియా కొందరిని కళాకారులుగా మారుస్తుందని. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ నాడీవైద్యుడు బ్రూస్ మిల్లర్, ఆయన సహచరులు 1990ల రెండో సగం నుంచి అలాంటివారిని నమోదు చేశారు. వారిలో ప్రసిద్ధురాలు కెనడా శాస్త్రవేత్త ఆన్ ఆడమ్స్. మాట క్రమంగా పోయే వ్యాధి బయటపడటానికి ఏళ్ల ముందే, 1994లో, ఫ్రెంచ్ సంగీతకారుడు రావెల్ స్వరపరచిన బొలేరో అనే వాద్యరచనను ఆమె పంక్తులు పంక్తులుగా రంగుల ఆకారాల్లోకి మార్చారు. భాషను నడిపే ఎడమవైపు భాగాలు క్షీణిస్తుండగా, చూపుకూ స్థలజ్ఞానానికీ చెందిన కుడివైపు వెనుక భాగాలకు పట్టు పెరిగి ఉంటుందని 2008లో వెలువడిన విశ్లేషణ భావించింది. ఇది ఎంతో ఆసక్తికరమైన విషయమే. కానీ మెదడు ముందు, కణతల భాగాలు క్షీణించే ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాలో, అందులోనూ కొద్దిమందిలో మాత్రమే కనిపించే సంగతి. ఇంట్లో ఉన్నవారిలో దాగిన ప్రతిభ ఏదో బయటపడుతుందని ఎదురుచూడటానికి ఇది ఆధారం కాదు.

రోజువారీ పనిలో అక్కరకొచ్చేది ఈ అరుదైన కథలు కాదు, డిమెన్షియా రకాన్ని బట్టి మారే చిన్న విషయాలు. లూయీ బాడీల వల్ల వచ్చిన డిమెన్షియాలో లేనివి కనిపించడం, నమూనాల మధ్య ముఖాలు తోచడం మామూలు. కిక్కిరిసిన గీతలున్న చిత్రం వారిని భయపెట్టవచ్చు. వారి స్పష్టత గంట గంటకూ మారుతుంది కాబట్టి, నిన్న ఉత్సాహంగా పాడిన మనిషి ఇవాళ మగతగా కూర్చుంటే అది మొండితనం కాదు. రక్తనాళాల వల్ల వచ్చిన దానిలో ఒక చేయి బలహీనపడి ఉండవచ్చు. కళ్లు బాగానే ఉన్నా చూసినదాన్ని మెదడు పోల్చుకోలేని రకం కూడా ఉంది. అలాంటివారికి కాగితం మీద బొమ్మ కంటే చేతికి తగిలే మట్టిముద్ద నయం. ఫ్రంటోటెంపోరల్ రకంలో చేసిందే చేస్తూ ఉండాలనే తపన ఉంటుంది. ఒకే ఆకారాన్ని ముప్పై సార్లు గీస్తుంటే ఆపి కొత్తది గీయమని పట్టుబట్టనక్కర్లేదు.

ఆధారాలు ఎంతవరకు

వైద్య ఆధారాలను జల్లెడ పట్టి చూసే కాక్రేన్ సమీక్షలు ఈ రంగంలోనూ జరిగాయి. అన్ని కళలకూ ఒకే మోతాదులో రుజువులు లేవని వాటిని చూస్తే తెలుస్తుంది. సంగీతానికి ఉన్న బలం మిగతావాటికి లేదు. 2018 నాటి సంగీత సమీక్షలో 22 ప్రయోగాలున్నాయి. 2025లో దాన్ని నవీకరించినప్పుడు అవి 30కి చేరాయి. రెండూ కలిపి చెప్పేది ఏమిటంటే, సంగీత ఆధారిత చికిత్స కుంగుబాటు లక్షణాలను తగ్గించే అవకాశం బాగానే ఉంది, మొత్తంగా ప్రవర్తనా సమస్యల్లో కొంత మేలు ఉండవచ్చు, ఆలోచనాశక్తి మీద మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. అందరూ ఆశించే ఉద్రేకం, దూకుడు తగ్గడం కూడా ఆ ప్రయోగాల్లో పెద్దగా కనిపించలేదు. చిత్రకళా చికిత్స మీద 2018లో జరిగిన సమీక్షకు పనికివచ్చే ప్రయోగాలు రెండే దొరికాయి, అందులో పాల్గొన్నవారు మొత్తం 60 మంది. ఏ నిర్ణయానికీ రాలేమని సమీక్షకులు రాశారు. నాట్య, చలన చికిత్స సంగతి మరీ విచిత్రం: 2017లో అర్హమైన ప్రయోగం ఒక్కటీ లేదు, 2023 నవీకరణకు ఒక్కటి దొరికింది.

దీన్ని చదివి చిత్రకళ పనిచేయదని తీర్మానించడం తొందరపాటు. రుజువు లేకపోవడం, పనిచేయదని రుజువు కావడం రెండూ వేరు. ఈ ప్రయోగాలు కష్టమైనవి కూడా. రంగులు కలుపుతున్న మనిషికి తాను ఏ బృందంలో ఉన్నాడో తెలియకుండా దాచలేం, బృందాలు చిన్నవి, ఒకచోట శిక్షణ పొందిన చికిత్సకుడు నడిపినది, మరోచోట ఉత్సాహవంతుడైన కళాకారుడు నడిపినది ఒకే పేరుతో చలామణీ అవుతుంది. అయితే ఈ ఇబ్బందులన్నీ చెప్పుకున్నాక కూడా, పెద్ద పెద్ద మాటలు చెప్పే హక్కు రాదు. బ్రిటన్‌లో 125 మంది పాల్గొన్న ఒక దృశ్యకళల కార్యక్రమం మీద 2018లో వెలువడిన ఫలితాలు ఈ సమతూకాన్ని బాగా చూపుతాయి: కళా సమయంలో ఆసక్తి, ఏకాగ్రత, ఆనందం మెరుగ్గా కనిపించాయి, ప్రశ్నావళితో కొలిచిన జీవన నాణ్యతలో మార్పు రాలేదు. ఆ గంట బాగుంది, కానీ మొత్తం జీవితానికి వేసిన మార్కులు అలాగే ఉన్నాయి. ఈ రెండింటిలో ఏది అసలు ఫలితమని నన్నడిగితే మొదటిదే అంటాను. మనిషి వర్తమానంలో మాత్రమే స్థిరంగా ఉండగలిగిన దశలో, వర్తమానం బాగుండటమే కొలవాల్సిన సంగతి.

రెండు ప్రయోగాలను మాత్రం ఈ రంగంలో పనిచేసే ప్రతివారూ గుర్తుంచుకోవాలి. ఆస్ట్రేలియాలోని సంరక్షణ గృహాల్లో 318 మందితో జరిగి 2022లో ప్రచురితమైన ప్రయోగంలో, చిన్న బృందాల సంగీత చికిత్సనూ, వినోదం కోసం అందరూ కలిసి పాడే బృందగానాన్నీ పక్కపక్కన పరీక్షించారు. ఆరు నెలల తర్వాత కుంగుబాటు తగ్గినది బృందగానంలోనే. చికిత్స అనే పేరు ఉన్నంత మాత్రాన అది ఎక్కువ ఫలితమిస్తుందన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ. రెండోది 2012లో బ్రిటన్‌లో వెలువడిన పెద్ద అధ్యయనం. డిమెన్షియా ఉన్నవారినీ వారిని చూసుకునేవారినీ కలిపి 488 జంటలను తీసుకుని, కొందరిని కలిసి పాత జ్ఞాపకాలు నెమరువేసుకునే బృందాల్లో చేర్చారు. ఆశించిన మేలు కనిపించలేదు. పైగా చూసుకునేవారిలో ఆందోళన పెరిగింది. ప్రతి వారం పక్కన కూర్చుని ‘అప్పట్లో నువ్వు ఎంత బాగా చెప్పేదానివి’ అని తలచుకోవడం ఎవరికి బరువో ఊహించడం కష్టం కాదు.

ప్రశ్న అడిగే తీరు

గుర్తు తెచ్చుకోవడం మీద కట్టిన కార్యక్రమానికీ, ఊహ మీద కట్టిన కార్యక్రమానికీ మధ్య ఉన్న తేడాయే ఈ విషయం మొత్తానికీ కీలకం. అమెరికాలోని మిల్వాకీలో ఆన్ బాస్టింగ్ అనే నాటకరంగ పరిశోధకురాలు 1990లలో ఒక వృద్ధాశ్రమంలో వారాల తరబడి జ్ఞాపకాల మీద ఆధారపడిన నాటక ప్రక్రియలు ప్రయత్నించి, స్పందన రాక విసిగి, పత్రికలోని ఒక సిగరెట్ ప్రకటన బొమ్మ చింపి, ఇతనికి ఏ పేరు పెడదామని అడిగారు. జవాబులు మొదలయ్యాయి. అక్కడి నుంచి పుట్టిన టైమ్‌స్లిప్స్ పద్ధతి ఈరోజు అనేక దేశాల్లో వాడుకలో ఉంది. ఆమెకు 2016లో, సృజనశీలురకు అమెరికాలో ఇచ్చే మెక్ఆర్థర్ ఫెలోషిప్ దక్కింది.

ఆ పద్ధతి ఎలా నడుస్తుందో దగ్గరగా చూద్దాం. ఒక ఫొటో ఉంది: ఖాళీ రోడ్డు మీద ఎర్ర గొడుగు పట్టుకుని నిలబడిన పెద్దాయన. ‘ఇలాంటి గొడుగు మీ ఇంట్లో ఉండేదా, గుర్తుందా?’ అని అడిగితే అది పరీక్ష. గుర్తులేని మనిషి తల దించుకుంటాడు, లేదా లేచి వెళ్లిపోతాడు. ‘ఈయన ఇక్కడ ఎందుకు నిలబడ్డారంటారు?’ అని అడిగితే తప్పు జవాబు ఉండే వీలు లేదు. ‘బస్సు పోయింది’ అంటారు ఒకరు. ‘చెప్పులు తడిశాయి’ అంటారు ఇంకొకరు. మూడో ఆవిడకు మాట రాదు. ‘ట్ర్ ట్ర్’ అని బల్ల మీద వేళ్లతో చప్పుడు చేస్తారు. నడిపేవారు పెద్ద కాగితం మీద మూడూ రాస్తారు, చప్పుడుతో సహా. తర్వాత అందరికీ వినిపించేలా చదువుతారు: ‘బస్సు పోయింది. చెప్పులు తడిశాయి. ట్ర్ ట్ర్ మని వాన కొడుతోంది. ఇప్పుడేం చేస్తారంటారు?’ వాన అన్నది సరైన అర్థమేనా అని ఆవిడ ముఖంలోకి చూసి ఆగుతారు. ఆవిడ నవ్వితే కథలో వాన ఉంటుంది, తల అడ్డంగా ఊపితే అది పోయిన బస్సు చప్పుడు అవుతుంది. రాసినది మధ్యమధ్య తిరిగి చదవడం వల్ల ముందు ఏం చెప్పామో గుర్తుపెట్టుకునే భారం ఎవరి మీదా పడదు. ఆ పని కాగితం చూసుకుంటుంది.

న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ 2006లో మొదలుపెట్టిన కార్యక్రమం కూడా ఇదే సూత్రం మీద నడిచింది. సాధారణ సందర్శకుల సందడి లేని వేళ, డిమెన్షియా ఉన్నవారూ వారి తోడు వచ్చినవారూ కొన్ని చిత్రాల ముందు మాత్రమే కూర్చుని, వాటి గురించి నిదానంగా మాట్లాడుకునేవారు. చిత్రకారుడి పేరు, సంవత్సరం అడిగేవారు కారు. కళ్ల ముందున్న దాని గురించి మాట్లాడటానికి పాత జ్ఞాపకం అక్కర్లేదు. ఆ తర్వాత ఎన్నో దేశాల మ్యూజియంలు ఈ నమూనాను తమకు తగినట్టు మలచుకున్నాయి.

మరి చాలా చోట్ల వాస్తవంగా జరుగుతున్నది ఏమిటి? పిల్లల రంగుల పుస్తకంలోని కుందేలు పేజీ చించి ఇవ్వడం, గీత దాటకుండా వేయమనడం, అయ్యాక చప్పట్లు కొట్టి ‘బంగారం, ఎంత చక్కగా వేశావో’ అనడం. ఎనభై ఏళ్లు బతికిన మనిషికి ఆ స్వరం అర్థమవుతుంది. మాటల అర్థం తప్పిపోయినా మాట తీరు తెలుస్తూనే ఉంటుంది. అమెరికాలోని కాన్సాస్‌లో 2009లో వెలువడిన ఒక అధ్యయనం, చంటిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడినప్పుడు డిమెన్షియా ఉన్నవారు సంరక్షణకు ఎక్కువగా ఎదురుతిరుగుతున్నట్టు చూపింది. రంగులు వేయడంలో తప్పేమీ లేదు, ఇష్టపడితే వేసుకోవచ్చు. కానీ కాగితం ఖాళీగా ఉండాలి, లేదా పెద్దవారికి తగిన బొమ్మ ఉండాలి. మెచ్చుకోలు కూడా ‘ఈ నీలం పక్కన ఆ పసుపు పెట్టడం బాగుంది’ అన్నట్టు పని గురించి ఉండాలి.

సామగ్రి విషయంలో కొన్ని చిన్న జాగ్రత్తలు పెద్ద తేడా తెస్తాయి. తెల్ల బల్ల మీద తెల్ల కాగితం పెడితే అంచు ఎక్కడుందో చాలామందికి కనబడదు. కింద ముదురు రంగు గుడ్డ పరిస్తే సమస్య తీరుతుంది. కుంచె కడిగే నీళ్లను తాగే గ్లాసులో పోయకూడదు, తాగేస్తారు. అదే కారణంతో విషరహితమైన రంగులే వాడాలి. పన్నెండు రంగుల పెట్టె మొత్తం ముందు పెడితే ఎంపిక చేయలేక చేయి ఆగిపోతుంది. రెండో మూడో చాలు. ‘వేయండి’ అన్న మాటకు కదలని చేయి, పక్కనే కూర్చున్నవారు తమ కాగితం మీద ఒక గీత గీయగానే కదలవచ్చు. కుంచె పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. పూర్తి చేయాలన్న నియమం ఉండకూడదు. అయిపోయిందని వారు కుంచె కింద పెట్టినప్పుడే అది అయిపోయినట్టు.

పాటలకు వేరే జాగ్రత్తలు. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసులో విన్న పాటలు చాలామందికి గట్టిగా నిలుస్తాయి కాబట్టి, వృద్ధులంటే భక్తిగీతాలే అన్న ఊహతో మొదలుపెట్టకుండా వారి యౌవనం ఏ దశాబ్దంలో గడిచిందో లెక్క వేసుకోవాలి. వయసుతో గొంతు స్థాయి దిగుతుంది. రికార్డులో ఉన్న శ్రుతిలో పాడమంటే అందదు, దించి పాడితే అందుకుంటారు. వేగం కూడా కొంచెం తగ్గించాలి. వినికిడి యంత్రం పెట్టుకున్నారా, గదిలో టీవీ మోగుతోందా అన్నది ముందే చూడాలి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి ఇష్టమైన పాటలు పెట్టే పద్ధతికి మంచి పేరు వచ్చింది గానీ, దాన్ని తీయమని చెప్పలేని, తానుగా తీసుకోలేని మనిషికి అది గంటల తరబడి నిర్బంధమయ్యే ప్రమాదముంది. పక్కన ఒకరు ఉండి ముఖం చూస్తుండాలి. పాట కన్నీళ్లు తెప్పిస్తే వెంటనే ఆపేయాలని లేదు. అది తీపి కన్నీరా, తట్టుకోలేని దుఃఖమా అన్నది ఆ మనిషిని ఎరిగినవారే చెప్పగలరు. రెండోదే అయితే, పైన చెప్పుకున్న అయోవా ఫలితం ప్రకారం, పాట మరచిపోయాక కూడా ఆ దుఃఖం మిగిలిపోతుంది. కాబట్టి మరో పాటతో, మరో పనితో మనసు తేలికపడేదాకా వారిని వదిలి వెళ్లకూడదు.

చూసుకునేవారి సంగతి

ఫిన్లాండ్‌లో 2014లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 89 జంటలు పాల్గొన్నాయి. డిమెన్షియా ఉన్నవారిని చూసుకునేవారికి, ఇంట్లో వారితో కలిసి పాడటం లేదా పాటలు వినడం ఎలాగో పది వారాలు నేర్పారు. మామూలు సంరక్షణ పొందినవారితో పోలిస్తే డిమెన్షియా ఉన్నవారి మనోస్థితి మెరుగుపడింది. పాడిన జంటల్లో కొన్ని జ్ఞాపక పరీక్షల్లోనూ కొంత మెరుగుదల కనిపించింది. బ్రిటన్‌లో అల్జీమర్స్ సొసైటీ 2003 నుంచి నడుపుతున్న సింగింగ్ ఫర్ ద బ్రెయిన్ బృందాల్లోనూ ఇద్దరూ కలిసే వస్తారు. మందు వేయడం, స్నానం చేయించడం, తలుపు గడియ చూసుకోవడం అనే పనుల మధ్య భార్యాభర్తల బంధం నర్సుకూ రోగికీ ఉండే బంధంగా మారిపోతుంది. కలిసి పాడే ఆ కాసేపు ఇద్దరికీ ఒకే పని ఉంటుంది, ఒకరు ఇచ్చేవారు మరొకరు పుచ్చుకునేవారు అన్న తేడా ఉండదు. అయితే ఇది చూసుకునేవారి మీద మరో బాధ్యతగా పడకూడదు. రాత్రంతా నిద్ర లేని మనిషికి ‘రోజూ అరగంట చిత్రకళ’ అని కాగితం మీద రాసి ఇవ్వడం సాయం కాదు. ఎవరో వచ్చి ఆ అరగంట నడిపితే, చూసుకునే మనిషి పక్క గదిలో పడుకుంటే, అదీ కార్యక్రమం సాధించిన ఫలితమే.

తయారైన పని ఎవరిదన్నది కూడా తేల్చుకోవాలి. ప్రదర్శనల్లో ‘డిమెన్షియా రోగులు వేసిన చిత్రాలు’ అన్న చీటీ కింద పేర్లు లేకుండా వేలాడదీయడం నేటికీ కనిపిస్తుంది. వేసినవారి పేరు వారి సమ్మతితో ఉండాలి, వద్దంటే ప్రదర్శించకూడదు. నిన్న ఒప్పుకున్న మనిషి ఇవాళ వద్దనవచ్చు, కాబట్టి సమ్మతి ఒకసారి తీసుకుని దాచుకునే పత్రం కాదు, ప్రతిసారీ అడగాల్సిందే. మాట లేనప్పుడు శరీరం చెబుతుంది: కుర్చీ వెనక్కి జరగడం, చేయి లాక్కోవడం, కళ్లు మూసుకోవడం వద్దనే అర్థంలో తీసుకోవాలి.

చివరి దశకు వచ్చేసరికి కుంచె పట్టు పోతుంది, పాట పదాలు పోతాయి. అప్పుడు కార్యక్రమం రూపం మారుతుంది. గంటసేపు నడిచేది పది నిమిషాలకు కుదించుకుపోతుంది, బృందం ఇద్దరికి తగ్గుతుంది. వారి ఊపిరి వేగానికి తగ్గట్టు నెమ్మదిగా హమ్ చేయడం, వేర్వేరు నేతల గుడ్డముక్కలు అరచేతికి తాకించడం, వారు వేలితో కొట్టిన లయను తిరిగి కొట్టి చూపడం వంటివి మిగులుతాయి. ఫలితాన్ని ప్రశ్నావళితో కొలవడం ఇక కుదరదు. కనుబొమల మధ్య ముడత వదులైందా, మూసిన పిడికిలి తెరుచుకుందా, తల శబ్దం వైపు తిరిగిందా అన్నది తేదీతో సహా ఒక పుస్తకంలో రాసిపెట్టుకుంటే, ఏ పాటకు ఏ వేళ స్పందన ఉంటోందో కొన్ని వారాల్లో తెలుస్తుంది. తర్వాతి పూట వచ్చే సహాయకులు అదే చూసి మొదలుపెట్టవచ్చు.